లింగమ్మ వద్దన్న సంతకం

లింగమ్మ తన మొగుడితో పోట్లాడి గెలవడం నేను కళ్లారా చూశాను. ఇంట్లో కాదు. ఓట్లు వేసే రోజు, బడి వరండాలో, ఊరంతా చూస్తుండగా.

అప్పట్లో మా ఊళ్లో ఆడవాళ్లు ఓటు వేసే పద్ధతి ఒకటుండేది. వరసలో నిలబడతాం, లోపలికి పోతాం, వేలికి సిరా పూయించుకుంటాం, బయటికి వచ్చేస్తాం. మీట నొక్కే పని పార్టీ మనిషి చూసుకుంటాడు. మా ఊళ్లో పార్టీ అంటే జెండా ఉన్న పార్టీ అనుకునేరు. కాదు. రెండు పెద్ద ఇళ్లు, వాటి వెనక చెరో వీధి. జెండాలు ఎన్నిసార్లు మారినా వీధులు మారవు. మా వీధి ఆడవాళ్ల ఓట్లు మా మరిది ఓబులేసు నొక్కేవాడు. ఎదురు వీధి ఓట్లు లింగమ్మ మొగుడు శేషయ్య నొక్కేవాడు. రెండు వరసలూ ఒకే వరండాలో పక్కపక్కనే ఉండేవి కాబట్టి అన్నీ కనపడేవి.

లింగమ్మ సిరా పూయించుకుని కదల్లేదు. శేషయ్య మిషను దగ్గర నిలబడి, ఇంటికి పో మే, అన్నం మాడుతాందేమో చూడు అన్నాడు. లింగమ్మ నేల మీద చతికిలబడింది. ఎన్నికల డ్యూటీకి వచ్చిన సారు కాగితాల్లో తల దూర్చుకుని ఉన్నాడు, అందులోనే లోకమంతా ఉన్నట్టు. ఆయన్నడిగింది.

"సారూ, ఈ ఓటు నాదా, మా ఇంటాయనదా? నాదైతే ఆయన్ని బయటికి పంపు. ఆయనదైతే నా వేలి మీద సిరా చెరుపు."

సారు తల ఎత్తలేదు. వరస ఆగిపోయింది. ఎండ వరండాలోకి పాకుతోంది. వెనక ఆడవాళ్లు నవ్వుకోవడం మొదలుపెట్టారు. నాకు నోరు ఊరుకోదు కదా. పక్క వరసలో నుంచి, "పెండ్లాం ఓటుకే ఇంత జడుసుకునే మనిషివి మావాళ్లతో ఏం కొట్లాడతావ్ శేషయ్యా" అన్నాను. అంతే, శేషయ్య ముఖం నల్లబడింది. పంచె విదిలించుకుని బయటికి నడిచాడు. లింగమ్మ మిషను దగ్గరికి పోయి, బొమ్మలన్నీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు చాలాసేపు నిలబడింది. మిషను కూత పెట్టింది. ఎవరికి వేశావని శేషయ్య బతికున్నంత కాలం అడుగుతూనే ఉన్నాడు. చెప్పకూడదంట, సారు చెప్పినాడు అని ఆమె జవాబు. ఆ సారు ఏమీ చెప్పలేదని ఊరందరికీ తెలుసు.

లింగమ్మది అవుకు పక్క పల్లె. పెళ్లయి ఆళ్లగడ్డ పక్కకు, మా ఊరికి వచ్చిన రోజు నుంచి ఈ మనిషి కూర్చోగా నేను చూసింది తక్కువ. నిలబడే తింటుంది. మాట్లాడుతూ చేట చెరుగుతుంది, చెరగడానికి ఏమీ లేకపోతే కొంగు మడతపెట్టి విప్పుతుంది. మా పెరడూ వాళ్ల పెరడూ వీపులానించుకుని ఉంటాయి, మధ్యన ఒక మట్టి గోడ. మగవాళ్లు వీధిలో ముఖాలు తిప్పుకుంటారు. మేము ఆ గోడ మీదుగా చింతపండు, కరివేపాకు, చాడీలు అన్నీ ఇచ్చిపుచ్చుకుంటాం. నన్ను అక్కా అంటుంది. శేషయ్య కామెర్లొచ్చి మంచం మీదే పోయాడు. అట్లాంటి కొట్లాటల మనిషి మంచం మీద పోవడం మా ఊరికి కొత్త, కొన్నాళ్లు ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు చెప్పబోయే సంగతికి బైండోవరు అంటే ఏమిటో తెలియాలి. ఎన్నికలు వస్తున్నాయంటే మా వైపు పోలీసులు గొడవలున్న ఊళ్లలో మగవాళ్ల పేర్లు రాసుకుపోతారు. వాళ్లంతా తాసీల్దారు ముందుకు పోయి, గొడవ చేయం, చేస్తే డబ్బు కట్టుకుంటాం అని పూచీకత్తు రాసివ్వాలి. ఇందులో మంచి లేదని నేననను. ఆ సంతకాల వల్లే కొన్ని తలకాయలు నిలిచాయని మా ఓబులేసు అంటాడు, కొంత నిజముండొచ్చు. కానీ మా ఊళ్లో కత్తి లేచి ఎన్నో ఏళ్లయింది. లేపిన వాళ్లు చాలామంది మట్టిలో కలిశారు. సంతకం మాత్రం ఆగలేదు. తండ్రి పోతే కొడుక్కి వస్తుంది, పొలం వచ్చినట్టు.

అసలు విడ్డూరం వేరే ఉంది. మావాళ్లకు అది మర్యాద. ఏ ఇంటి పేరు పిలవకపోతే ఆ ఇంటివాడు చిన్నబుచ్చుకుంటాడు, మమ్మల్ని చూసి జడుసుకునేవాడే లేడా అని. ఒకసారి మా వీధిలో ఒకాయన, తన పేరు ఎందుకు వదిలేశారని స్టేషనుకు పోయి అడిగి మరీ రాయించుకుని వచ్చాడు. సంతకాల రోజున రెండు వీధుల వాళ్లూ ఒకే ఆటోలో పోతారు, ఊళ్లో పెద్ద ఆటో అదొక్కటే మరి. ఒకరినొకరు నరుక్కోం అని రాసివ్వడానికి మోకాలికి మోకాలు తగులుతూ కూర్చుంటారు. పని అయ్యాక ఒకే హోటల్లో ఉగ్గాని, బజ్జి తింటారు. ఊరి పొలిమేర రాగానే మళ్లీ ముఖాలు తిప్పేసుకుంటారు.

శేషయ్య కొడుకు రాజశేఖర్ పేరు ఆ మర్యాద కోసమే ఎక్కింది. ఎక్కించింది పోలీసులు కాదు, కన్నతండ్రి. మా ఇంటినుంచి ముగ్గురి పేర్లు పోయాయని శేషయ్యకు తెలిసింది. తన ఇంటినుంచి ఒక్కటే పోతే ఎట్లా? మీసం అప్పుడే మొలుస్తున్న కొడుకును ముందుకు తోసి, వీడూ ఉన్నాడు రాసుకోండి అన్నాడు. కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పారిపోయి మా గోడకానుకుని నిలబడే పిల్లవాడు రాజశేఖర్. ఆ రోజునుంచి ప్రతి ఎన్నికకూ వాడు గొడవల మనిషే. కూతురు దీపిక నంద్యాలలో పుట్టినప్పుడు వాడు స్టేషను వరండాలో కూర్చుని ఉన్నాడు. బస్సు డ్రైవరు ఉద్యోగం చేతిదాకా వచ్చి, పోలీసుల విచారణలో ఆగిపోయింది. ఇప్పుడు వరికోత మిషను తోలుతాడు. ఊళ్లు తిరిగే పని, అడిగేవాడుండడు.

ఈ ఏడు పంచాయతీ ఎన్నికల మాట లేచింది. హెడ్డు కానిస్టేబులు మోటారు సైకిలేసుకుని లింగమ్మ ఇంటికి వచ్చాడు. మంచివాడే. ఎండన పడి వచ్చాడని లింగమ్మ మజ్జిగిచ్చింది. సగం తాగి, మనవడు, రాజశేఖర్ కొడుకు సురేష్‌కు పద్దెనిమిది నిండాయి కదమ్మా, ఆధారు కాగితం ఇయ్యి అన్నాడట. స్కాలర్‌షిప్పు కోసమేమో అనుకుంది ఈమె. పిల్లవాడు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. కాదు, బైండోవరుకు అన్నాడు. లింగమ్మ అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని, మిగిలిన మజ్జిగ తులసిచెట్టు మొదట్లో పోసింది. ఇదంతా గోడకవతల జరుగుతుంటే నేను విన్నాను. వినడానికి కష్టపడలేదు కూడా, ఆమె గొంతు అట్లాంటిది.

ఆ సాయంత్రం ఇంకో తగువు. సురేష్‌కు లోపల కొంచెం సంతోషంగానే ఉందట. స్టేషను నుంచి పిలుపొచ్చిందని ఫోను స్టేటసులో మీసం మెలేసే బొమ్మ పెట్టుకున్నాడు. స్నేహితులంతా అన్నా అన్నా అని మెచ్చుకున్నారు. లింగమ్మ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పూడ్చింది. తాత నీకిచ్చింది ఇదొక్కటేనా రా, పొలం మీదైతే ఇంత ప్రేమ ల్యాదే అని తిట్టింది. ఆ తర్వాత ఆమెకు స్థిమితం లేదు. ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చేది. ఏ మోటారు సైకిలు చప్పుడైనా చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చేది. సురేష్ కాలేజీకి పోయిన రోజు బస్సు వచ్చేదాకా రోడ్డు మీదే తిరిగేది.

నేను కళ్లు చూపించుకోవడానికి నంద్యాల పోతుంటే అదే బస్సెక్కింది. ఊరు కనపడేంత సేపు ముందు సీట్లో ఎవరో అన్నట్టు కూర్చుంది. ఊరు దాటగానే వచ్చి నా పక్కన చేరింది. నీ కండ్లు రేపు చూపించుకో, ఈ పొద్దు నాతో వకీలమ్మ దగ్గరికి రా అంది. ఎందుకు నేను అంటే, నేను విన్నది సగం మర్చిపోతా, నువ్వు ఏదీ మర్చిపోవు, తిట్లతో సహా అంది. పొగడ్తో ఎత్తిపొడుపో తెలియలేదు. పోయాను.

వకీలు పేరు షాలిని. కోర్టు దగ్గర చిన్న గది, ఫ్యాను తిరుగుతుంటే గోడకున్న క్యాలెండరు కొట్టుకుంటూ ఉంటుంది. పెళ్లయిందా అని అడిగాను, కాలేదంది. లింగమ్మ కుర్చీలో అంచున కూర్చుంది, కాసేపటికి లేచి నిలబడే మాట్లాడింది. అంతా విని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. మన రాజ్యాంగం ప్రభుత్వం పనిని మూడు చేతుల్లో పెట్టిందట. చట్టం చేసేవాళ్లు ఒకరు. దాన్ని నడిపేవాళ్లు ఇంకొకరు, పోలీసులూ ఆఫీసులూ అందులోకే వస్తారు. తప్పో ఒప్పో తేల్చేవాళ్లు మరొకరు. ఒకే చేతిలో అన్నీ ఉంటే అడిగే దిక్కుండదని అట్లా రాశారట. ఇందులో వింతేముంది అన్నాను. కళ్లంలో కోసేవాడు, కొలిచేవాడు, కొనేవాడు వేరువేరుగానే ఉంటారు. కొనేవాడి చేతికే కొలిచే శేరు ఇస్తే మన గింజలు మిగులుతాయా?

లింగమ్మ వెంటనే పట్టుకుంది. మరి తాసీల్దారు ఎవరి చెయ్యి అని అడిగింది. షాలిని నవ్వింది. చిక్కంతా అక్కడే ఉంది పెద్దమ్మా అంది. ఆయన ప్రభుత్వ ఆఫీసరే, కానీ ఈ పనికి మాత్రం తీర్పు చెప్పేవాడి స్థానంలో కూర్చుంటాడు. కాబట్టి తీర్పు చెప్పేవాడి పద్ధతి పాటించాలి. ఎందుకు పిలిచారో కాగితం మీద రాసి చదివి వినిపించాలి. ఒప్పుకోను అంటే విచారించాలి, సాక్షులను అడగాలి. ఒప్పుకోను అని ఎవరూ అనరు, అందుకే సంతకాలు జరిగిపోతున్నాయి. అక్కడ న్యాయం జరగకపోతే పైన కోర్టులున్నాయి, హైకోర్టు దాకా పోయే హక్కుంది. ఇవన్నీ చెప్పి, ఒక లావు పుస్తకం తీసి చదివింది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ తీసేయకూడదని ఉంది.

లింగమ్మ మళ్లీ చదవమంది. ఇంకోసారి చదవమంది.

"ఏ వ్యక్తి అనే ఉందా తల్లీ? పలానా వాని కొడుకు, పలానా వీధి అని ఏమీ ల్యాదా?"

"లేదు పెద్దమ్మా. అంతే ఉంది."

"మరి మా పిల్లోన్ని వాని తాత పేరు చెప్పి పిలుస్తాండారే."

షాలిని కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

తాసీల్దారు ఆఫీసులో జరిగింది నాకు మా ఓబులేసు చెప్పాడు, అన్నం ముందు కూర్చుని, తినకుండా. రెండు వీధుల వాళ్లూ వరసగా సంతకాలు పెడుతున్నారట. రాజశేఖర్ వంతు వచ్చింది, వెనకే కొడుకు సురేష్. రాజశేఖర్ పెన్ను పట్టుకున్నాడు. వెనకనుంచి లింగమ్మ వచ్చి పెన్ను లాక్కుంది. పెడితే పోతాది లేమ్మా, నలుగురిలో ఎందుకు అన్నాడు వాడు.

"మీ నాయన నీకు పెట్టినాడు. నువ్వు నీ కొడుక్కి పెడతాండావ్. వాని కొడుక్కి వాడు పెడతాడు. ఎవురు ఆపాల్రా?"

తాసీల్దారు చెడ్డవాడు కాడు, అలిసిపోయిన మనిషి. బల్ల నిండా ఎన్నికల కాగితాలు. సంతకం పెడితే ఏం పోతుందమ్మా, ఏడాది తర్వాత అదే పోతుంది అన్నాడట. లింగమ్మ షాలిని రాసిచ్చిన కాగితం ముందు పెట్టింది. మా మనవడు ఏం చేసినాడో రాసిచ్చి, విచారించి, అప్పుడు అడగండి అంది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. పక్కనున్న హెడ్డును అడిగితే, ఎదురు పార్టీ వాళ్లకు వీళ్ల ఇంటినుంచి ప్రమాదముందని పాత రిపోర్టు ఉంది సార్ అన్నాడు. ప్రమాదం లేదని ఎదురు పార్టీ వాళ్లెవరైనా చెప్తే వింటాను, సోమవారం సాక్షిని తెచ్చుకో అని తాసీల్దారు వాయిదా వేశాడు. ఎదురు పార్టీ అంటే మేమే. మావాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్కడూ నోరు విప్పలేదట. ఆ రోజు ఉగ్గాని ఎవరూ తినలేదు.

ఓబులేసు కోపం ఏమిటంటే, వాళ్లింటి పిల్లవాడి పేరు తీసేస్తే పట్టీలో ఉన్న మా ఇంటి పిల్లవాడొక్కడే రౌడీగా మిగులుతాడని. అట్లయితే మన పిల్లోని పేరు కూడా తీయమని నువ్వూ అడుగు అన్నాను. "అడిగితే మనల్ని మగోళ్లంటారా వదినా?" అన్నాడు. ఇంతవరకు అట్లా అంటున్నది ఎవరని అడిగాను. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పోతూ పోతూ ఇంట్లో ఆడవాళ్లందరికీ వినపడేలా, సోమవారం ఎవరూ ఆ ఆఫీసు దిక్కు పోకూడదని చెప్పాడు. ఎవరికో చెబుతున్నట్టు చెప్పినా చూపు నా మీదే ఉంది.

ఒకటి చెప్పాలి. మా ఆయన కాలు విరిగింది శేషయ్య మనుషుల చేతిలోనే. మిడుతూరు సంత నుంచి వస్తుంటే దారి కాచి కొట్టారు. మా ఆయన పోయేదాకా కుంటుకుంటూనే నడిచాడు. లింగమ్మ ఆ సంగతి గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు, నేనూ అడగలేదు. గోడ మీదుగా కరివేపాకు ఇచ్చుకుంటూనే ఉన్నాం. కొన్ని సంగతులు మాట్లాడితే గోడ ఎత్తు పెరుగుతుంది.

ఆదివారం పొద్దున పెరట్లో బట్టలారేస్తున్నాను. గోడకవతల అడుగుల చప్పుడు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంది. ఎంతకీ పిలవదు. నేనే, కాళ్లు అరిగిపోతాయి మే, ఏందో చెప్పు అన్నాను. గోడ మీద చేతులు పెట్టి తల ఎత్తింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి, తల దువ్వుకోలేదు. సురేష్ లోపల ముఖం ముడుచుకుని కూర్చున్నాడట, అవ్వ తన పరువు తీసిందని. రాజశేఖర్ రాత్రే మిషను తీసుకుని బండి ఆత్మకూరు పక్కకు పోయాడట, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో అని. తన పక్కన నిలబడేవాడు ఇంట్లో ఒక్కడూ లేడు. వకీలమ్మ వస్తానంది, అంతే.

రేపు నువ్వు రావాల అక్కా అంది.

మా ఓబులేసు ఏమన్నాడో విన్నావు కదా అన్నాను. విన్నానంది. నీ మొగుడు మా ఇంటికేం చేసినాడో తెలిసి కూడా నన్ను అడుగుతాండావా అన్నాను. అన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. లింగమ్మ తల దించుకోలేదు.

"దాయొద్దు. సారు అడిగితే అది కూడా చెప్పు. మా ఆయన మంచోడని చెప్పమని నేను అడగల్యా. నా మనవడు మంచోడని కూడా చెప్పొద్దు, రేపు ఎట్లయితాడో నాకే తెలీదు. నువ్వు వచ్చి సారు ముందర నిలబడి ఒక్కటి చెప్పు చాలు. మా సురేష్ మీ వాకిలి ముందర పోతాంటే నువ్వు తలుపేసుకుంటావా, ఏసుకోవా. మీ మరిది మాట కాదు, మీ వీధి మాట కాదు, నీ మాట. ఏసుకుంటానంటే అదే చెప్పక్కా. నేనే వాని చెయ్యి పట్టుకొని సంతకం పెట్టిస్తా."